మెట్ల బరువూ నా కడుపుమంటా

ఆ మధ్య ఒక పొద్దున అబిడ్స్‌లో ఓ సందు మొదట్లో పెద్ద క్రేన్ అడ్డంగా నిలబడి, గంటసేపు ఆటోలన్నీ ఆగిపోయాయి. అందులో మీరూ ఉండి ఉంటే, మీరు తిట్టిన తిట్లు చేరవలసిన చోటికే చేరాయి. ఆ పుణ్యం నాదే. పని అవసరం కొద్దీ క్రేన్ తెప్పించానని అప్పట్లో చెప్పుకున్నాను గానీ, నిజానికి ఒట్టి కడుపుమంటతో తెప్పించాను.

మా ఆఫీసు నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోనే, రెండో అంతస్తులో ఉంది. కట్టబోయే భవనాన్ని గోడలూ దూలాలూ మెట్లతో సహా ముందే కంప్యూటర్లో కట్టి చూపించడం మా పని. ఏది దేంతో చేసిందో చెబితే చాలు, సాఫ్ట్‌వేరే కొలతలు లెక్కగట్టి దాని బరువు చెప్పేస్తుంది. అయితే అది చెప్పేది మనం గీసినదాని బరువు. మనం గడ్డిపోచను దుంగలా గీస్తే, దుంగ బరువే చెబుతుంది పాపం.

మౌనిక నాకంటే రెండేళ్లు వెనక చేరింది. నాకు మూడు రోజులు పట్టే పని ఒకటిన్నర రోజులో ముగించి, మిగిలిన సమయంలో నా తప్పులు దిద్దేది. అదీ "అన్నా" అని మర్యాదగా పిలిచి మరీ దిద్దేది. ఆ నెలలోనే మా సార్ ఒకరిని టీమ్ లీడ్‌ను చేస్తానన్నారు. ఆ కుర్చీ నాదేనని ఇంట్లో చెప్పేశాను. మా ఆవిడ వాళ్ల పుట్టింటికీ చెప్పేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

అంతలో అబిడ్స్‌లో ఒక పాత దుకాణం డాబా మీదికి ఇనుప పైపుల మెట్లు పెట్టే పని వచ్చింది. మెట్లు బయట తయారై వస్తాయి, పైకి ఎలా ఎక్కించాలో తేలాలంటే బరువు కావాలి. మౌనిక మధ్యాహ్నానికల్లా తేల్చేసింది.

"రెండు వందల అరవై కిలోలు సార్. తాళ్లు కట్టి ఆరుగురు గుంజితే పైకొస్తది."

"శభాష్ బిడ్డా," అన్నారు సార్.

నాలుగేళ్లలో నాకు దక్కిన అతిపెద్ద మెప్పు "సరేలే". ఆ శభాష్ నాకు అన్నం సయించనివ్వలేదు. అవే మెట్లను నేనూ మొదటినుంచి గీశాను. బరువు టన్ను దాటింది. బుద్ధున్నవాడు ఆ అంకె చూసి కంగారు పడతాడు. నేను ప్రింటు తీసుకుని సార్ గదికి పరుగెత్తాను.

"మౌనిక లెక్క తప్పు సార్. టన్ను పైనే ఉన్నది. తాడు తెగితే మనుషుల ప్రాణాలు పోతయి."

"గింత ఫరక్ ఎట్లొచ్చిందయ్యా?"

"అనుభవం సార్," అన్నాను. నిజంగానే అన్నాను, నమ్మండి.

ప్రాణాల మాట వచ్చాక సార్ మాత్రం ఏం చేస్తారు? క్రేన్‌కు ఒప్పుకున్నారు. సాయంత్రం మౌనిక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, జర నీ మోడల్ చూపియ్యవా?"

"ఎందుకు, కాపీ కొట్టనీకా?"

"కాదన్నా, గా పైపు లోపల..."

"లోపల ఏముంటదో నాకు తెల్వదా? నీకన్న రెండేండ్ల ముందు నుంచి చూస్తున్న పైపులు."

కంప్యూటర్ ఆపేసి ఇరానీ చాయ్‌కి వెళ్లిపోయాను. ఆ చాయ్ ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

మర్నాటి పొద్దున క్రేన్ సందు మొదట్లోనే ఇరుక్కుంది. సార్‌తో పాటు ఆఫీసు వాళ్లమందరం అక్కడే ఉన్నాం. వెనకాల హారన్ల మోత. మెట్లు అప్పటికే వచ్చి గోడ పక్కన పడుకుని ఉన్నాయి. మేస్త్రి యాదగిరి తల గోక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు.

"సారూ, గీ క్రేన్ దేనికి?"

"మెట్లెత్తనీకి. టన్ను బరువు."

"టన్నా? బండిల నుంచి మేం నలుగురమే చేతుల మీద దింపినం గదా."

సార్ నా వైపు తిరిగారు. "మేస్త్రి బలమైన మనిషి సార్," అన్నాను. యాదగిరి నిలబడితే చొక్కా హ్యాంగర్‌కు తగిలించినట్టు ఉంటాడు.

అతను నవ్వకుండా నన్ను మెట్ల పక్క పైపు దగ్గరికి పిలిచాడు. "జర గీడ కన్ను పెట్టి చూడు సారూ."

వంగి చూశాను. పైపు లోపలంతా ఖాళీ. ఆ చివర ఇంకో కన్ను నన్నే చూస్తోంది.

"కనపడుతున్ననా అన్నా?" అంది మౌనిక.

బోలు పైపులన్నిటినీ నేను గట్టి ఇనుప కడ్డీల్లా గీసేశాను. క్రేన్ వెనక్కి తిరిగి సందు దాటేలోపే ఆరుగురు మనుషులు తాళ్లతో మెట్లను డాబా ఎక్కించేశారు. టీమ్ లీడ్ ఎవరో సార్ అక్కడే, ఆ హారన్ల మధ్యే చెప్పేశారు. మా ఆవిడ పుట్టింటికి మళ్లీ ఫోన్ చేయాల్సి వచ్చింది.

కనుక పెద్దలందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ చివర కన్ను పెట్టి ఆ చివర చూడకుండా ఏ పైపు బరువూ రాయను. మౌనికను చూసి ఇక కుళ్లుకోను అని కూడా రాద్దామనుకున్నాను. కానీ ఇప్పుడు నేను రాసిందల్లా ముందు ఆమే తనిఖీ చేస్తుంది. తప్పుంటే పట్టేస్తుంది.