అమ్మ ఎండబోసిన కందులు

తాండూరులో మా అమ్మ కందిపప్పు చేసి అమ్మేది. కందులు నానబెట్టి, ఎర్రమన్ను పట్టించి, వాకిట్లో పరిచిన బండల మీద ఎండబోసి, విసుర్రాయితో పగలగొట్టేది. నాన్న పోయాక ఆమె బతికింది ఆ పప్పు మీదే. నేను అప్పటికి పెళ్లై వికారాబాదులో కాపురం చేస్తున్నాను.

అమ్మ ఇంటి పక్క మేడ ఒక వకీలుది. నిజాం పాలన పోయి కొత్త సర్కారు వచ్చాక ఆయన దశ తిరిగింది. కారు కొని, దానికి షెడ్డు వేసుకోవడానికి అమ్మ వాకిలి అడిగాడు. మరి నా కందులు ఎక్కడ ఎండబోసుకోవాలని అమ్మ ఇవ్వనంది. అంతే, మర్నాటి నుంచి ఆ పెద్దమనిషి కోర్టుకు పోయే నల్లకోటు తొడుక్కుని, మిద్దె అంచున నిలబడి, కింద ఉన్న కందుల మీద ఉచ్చ పోయడం మొదలుపెట్టాడు. చాటుమాటుగా కాదు, పట్టపగలే. వాడని రాస్తున్నందుకు నన్నెవరూ తప్పుపట్టొద్దు, ఇకమీదట వాడనే రాస్తాను.

అమ్మ కిందినుంచి తిడితే వాడు నింపాదిగా గుండీలు పెట్టుకుంటూ అన్నాడట:

"చెప్పుకో పో. గీ ముచ్చట బయటవడితె నీ పప్పు ఎవడు కొంటడు?"

వాడి చదువంతా ఆ మాటలోనే ఉంది. తడిసిన కందులను అమ్మ గుంత తీసి పాతేసేది. నోరు విప్పితే బేరం పోతుంది, విప్పకపోతే కందులు పోతాయి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. చివరికి ఒకనాడు రైలెక్కి వికారాబాదు వచ్చి, నన్ను వెంటబెట్టుకుని కోర్టుకు పోయి జడ్జికి అర్జీ ఇచ్చింది.

విచారణ నాడు వకీళ్లు వరండా దాకా నిండిపోయారు, నవ్వుకోవడానికి. అమ్మ చెబుతుంటే రుమాళ్లు మూతికి అడ్డం పెట్టుకున్నారు. వాడి తరఫు వకీలు ఒకటే అడిగాడు, ఆ పప్పు ఎంతమందికి అమ్మావని. అమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది.

"ఒక్క గింజ అమ్మలేదు దొరా. నా బిడ్డ మీద ఒట్టు."

జడ్జి నమ్మాడు. పై కోర్టుకు రాశాడు, వాళ్లు వాడి సనదు, అంటే వకీలుగా వాదించే హక్కు, కొన్ని నెలలు ఆపేశారు. ఆ నెలలు వాడు తోటలో చల్లగా కూర్చున్నాడు. సనదు తిరిగి రాగానే కక్షిదారులు మళ్లీ వాడి గుమ్మం ముందే బారులు తీరారు. వకీల్ సాబ్ జర కోపిష్టి, గంతే అనుకున్నారు.

అమ్మ పప్పు మాత్రం ఎవరూ కొనలేదు. ఏళ్ల తరబడి కొన్నవాళ్లు కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దాటిపోయారు. చేసినవాడికి దండాలు, చెప్పినదానికి వెలి. థూ, ఏం ఊరో, ఏం మనుషులో.

మిగిలిన పప్పు మూటగట్టి అమ్మ మా ఇంటికి తెచ్చింది. మా అత్త దాన్ని గడప దాటనివ్వకుండా పశువుల కొట్టంలో పెట్టించింది. నాకు ఒళ్లు మండింది. మూట తెచ్చి, పప్పు వండి, ముందుగా మా ఆయనకే వడ్డించాను. అమ్మ ధైర్యాన్ని కోర్టు దగ్గర నలుగురిలో మెచ్చుకున్న మనిషి ఆయన. పప్పు వంక చూసి, కంచం కొంచెం పక్కకు జరిపాడు.

తలుపు వెనక నుంచి అమ్మ చూస్తూనే ఉంది.

"అల్లునికి పానం మంచిగ లేనట్టున్నది బిడ్డా," అంది. "పప్పు అరగదు. చారు పొయ్యి."