సామాను దగ్గర ఎవరుంటారు?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఎవరు అండమాన్ వెళ్లొచ్చినా, ఆ వారంలో ఒక సాయంత్రం మా అందరికీ శిక్ష తప్పదు. సమోసాలు పెట్టి, టీ ఇచ్చి, ఫోన్ని టీవీకి తగిలించి వీడియో చూపిస్తారు. ఏ క్వార్టర్‌లో చూసినా అదే వీడియో. తలకి గాజు హెల్మెట్ పెట్టుకున్న పెద్దమనిషి సముద్రం అడుగున నిలబడి మనకేసి బొటనవేలు ఎత్తి చూపిస్తుంటాడు. చుట్టూ చేపలు. వాటిని ఆయన చూడడు, కెమెరాని చూస్తాడు. బొటనవేలు చూపించడానికి అంత దూరం పోవాలా అని నాకు ఒళ్లు మండేది. ఎదురుగా కూర్చున్నవాళ్లు మాత్రం "అచ్ఛా, అచ్ఛా" అంటూ సమోసాలు నమిలేవారు.

నేనూ నమిలేదాన్ని. కానీ నా కళ్లు ఆ పెద్దమనిషి భుజం పక్కనుంచి పోయే చేపల మీదే ఉండేవి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీళ్లలో ముఖం పెట్టి వాటిని చూడాలని ఎంత ఆశో. ఎవరితోనూ అనలేదు. ఈ వయసులో ఇదేం సరదా అని నవ్వుతారు.

కిందటి చలికాలం కాలనీ బ్యాంకులో పనిచేసే మా ఆయనకు ఎల్‌టీసీ, అంటే సెలవు ప్రయాణానికి ఖర్చులు, వచ్చింది. మేం అండమాన్ వెళ్తున్నామని తెలియగానే మా బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, భార్యతో సహా బయల్దేరారు. ఆయన రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఆ సంగతి మీద ఆయనకింకా నమ్మకం కుదరలేదు. దిగిన దగ్గర్నుంచి మమ్మల్ని బండి నడిపినట్టే నడిపారు. టిఫినుకి టైము, ఫొటోకి టైము, సూర్యాస్తమయం చూసి మురిసిపోవడానికి కూడా టైము. ఎటు చూసినా మాలాంటివాళ్లే. నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడుక్కుని, చేతిలో టోకెను పట్టుకుని, తమ నంబరు ఎప్పుడు పిలుస్తారా అని నిలబడిన జనం. రేషను షాపు దగ్గర కూడా ఇంతకంటే హుషారుగా ఉంటారు.

ఆఖరి రోజు హోటల్ గది పొద్దున్నే ఖాళీ చేశాం. సాయంత్రం ఓడ. అందాకా సూట్‌కేసులన్నీ వెంటేసుకుని ఓడలెక్కే జెట్టీ దగ్గరికి చేరాం. ఎదురుగా ఆకుపచ్చ నీళ్లు. ముఖానికి అద్దాల ముసుగు తగిలించి, తేలే రబ్బరు ట్యూబు పట్టించి గైడే లాక్కెళ్లి పగడాలూ చేపలూ చూపిస్తాడు. ఈత రానక్కర్లేదు. నేను వచ్చింది దానికోసమే.

"సామాను దగ్గిర ఎవులుంటారు?" అన్నారు బావగారు.

ఈ ప్రశ్నకి మా ఇంట్లో మగవాళ్లు జవాబు చెప్పరు. మా ఊరి పక్కన రతన్‌పూర్ గుడికి వెళ్లినా సంచులూ చెప్పులూ మా ఒళ్లోనే. నేను మా ఆయన వంక చూశాను. ఆయన సముద్రం వంక చూశారు. బావగారితో మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఆయన నోరు లంచ్ టైములో బ్యాంకు కౌంటర్‌లా మూతపడుతుంది.

"లేడీసు ఉంటారు. అదేటి పెద్ద డ్యూటీ?" అని బావగారే తేల్చేశారు.

అంతటితో ఆగలేదు. రైల్లో బెర్తు కింద సామానుకి వేసే ఇనప గొలుసు తీసి, సూట్‌కేసుల పిడులన్నింట్లోంచి దూర్చి, జెట్టీ మీది ఇనప బెంచీ కాలికి బిగించి తాళం వేశారు.

"నాలుగు పక్కలా నీళ్లే కదండీ, దొంగ ఎత్తుకుని ఎటు పోతాడు?" అన్నాను.

"నీకేటి తెలుసమ్మా? చౌకన్నా ఉండాల, కళ్లు తెరుచుకుని."

పోనీ తాళంచెవి ఇక్కడివ్వండి అంటే ఇవ్వలేదు. మొలతాడుకి కట్టుకున్నారు. గొలుసూ, తాళమూ, వాటికి కాపలాగా ఇద్దరు ఆడవాళ్లూ. ఆ ఇద్దరి చేతికీ తాళంచెవి ఇచ్చే నమ్మకం మాత్రం లేదు.

అన్నదమ్ములిద్దరూ అరటిపండు ఆకారంలో ఉన్న రబ్బరు పడవెక్కారు. చివర్లో దాన్ని కావాలనే బోర్లా తిప్పేస్తారు, సరదా అదే. పెద్ద మనిషినన్న సోయి లేకుండా బావగారు కేరింతలు కొట్టుకుంటూ నీళ్లలో పడ్డారు. ఒడ్డుకొచ్చి నడుం తడుముకున్నారు. మొలతాడుంది. తాళంచెవి లేదు.

"గట్టిగానే కట్టీసాను! ఎలాగ పోయిందీ?" అని మా మీద అరిచారు, మేమేదో ఊడదీసినట్టు. ఓడ టైము దగ్గరపడుతోంది. ఇనుము కోసే రంపం కోసం ఇద్దరూ బజారుకి పరుగు తీశారు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మీరు కదలకండి, సామాను చూసుకోండి!"

నాకు నవ్వాగలేదు. "మీరే కదపలేని సామాను దొంగేటి ఎత్తుకుపోతాడండీ?" అని అరిచాను.

ఆ మాట ఆయనకి వినబడిందో లేదో గాని నాకు బాగా వినబడింది. లేచి నిలబడ్డాను. "రా అక్కా" అని తోడికోడల్ని పిలిచాను.

"నువ్వెళ్లొచ్చీ చెల్లీ. ఆయన తిడతారు."

గొలుసు వేసిన పెట్టె మీద చెయ్యి తియ్యకుండానే అంది. ఆమె మీద కూడా రోత పుట్టింది నాకు. ఇలాంటివాళ్లుండబట్టే ఆయనలాంటివాళ్లు అలా తయారవుతారనుకుంటూ వెళ్లిపోయాను.

గైడు ముసుగు తగిలించాడు. నీళ్లలో ముఖం పెట్టాను. పసుపుచారల చేపలు నా చేతివేళ్ల సందుల్లోంచి పోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఏ వీడియోలోనూ చూపించనంత దగ్గరగా ఉన్నాయవి.

ఒడ్డుకొచ్చేసరికి బావగారు రంపంతో కుస్తీ పడుతున్నారు. అక్క తువ్వాలు అందిస్తూ నా చెవిలో అడిగింది: "నీళ్లు చల్లగా ఉన్నాయేటి?"

ఇంత దూరం వచ్చి మూడు పగళ్లూ ఒడ్డునే కూర్చున్న మనిషి అడుగుతోంది.

"వెళ్లి చూడక్కా."

అప్పుడే గొలుసు తెగింది. అక్క దానికేసి చూసి, "ఇప్పుడు తాళం కూడా లేదు కదే. ఎవులో ఒకలం ఉండాల" అంది.

నేను తడిబట్టలతోనే వెళ్లి పెట్టె మీద కూర్చున్నాను. "నేనున్నాను. వెళ్లు."

ఆమె చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని మెట్లు దిగింది. బావగారు గొలుసు చేత్తో పట్టుకుని అరిచారు: "ఎక్కడికే? ఓడొచ్చే టైమయింది!"

"వస్తన్నానండీ" అంటూనే అక్క ముందుకి నడిచింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. కుచ్చిళ్లు వదిలేసింది.