కాకకు చదివి వినిపించని ఏడు వరసలు

నాలుగేళ్ల కిందట ఒక సోమవారం సాయంత్రం, ఒక ఉత్తరంలో ఏడు వరసలు నేను చదవకుండా దాటేశాను. అవి నాకు రాసినవి కావు. మా పక్కింటి కాకకు ఆయన కొడుకు రాసినవి. దాటేసిన సంగతి మొన్న ఆదివారం దాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. మొన్నటి వారంలో కాక కొడుకు ఆయన్ను కరీంనగర్ తీసుకుపోయి రెండు చెవులకూ మిషన్లు పెట్టించాడు. చిక్కుడు గింజంత ఉంటాయి. ఇంటికి రాగానే కాక గోడ గడియారం వైపు అనుమానంగా చూసి, "గిదెందుకు గిట్ల కొట్టుకుంటంది, ఖరాబైందా?" అని అడిగాడట. టిక్కుటిక్కుమనడం విని ఎన్నేళ్లయిందో మరి. ఆదివారం నన్ను పిలిపించి, "మావోడు ఆ దేశంల ఉన్నప్పుడు రాసిన చిట్టీలు నీ ఫోన్ల ఉన్నయి గదా. అన్ని మల్ల సదువు. గీసారి మెల్లగ సదువు" అన్నాడు.

గోదావరిఖనిలో మా గల్లీలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. ఒకరింట్లో పోపు వేస్తే మూడిళ్ల అవతల తుమ్ముతారు. కాక బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు పట్టినవాడు. ఆ మోతకు చెవులు పోయాయి. చదువు ముందునుంచీ లేదు. భార్య బతికున్న రోజుల్లో ఆమెతో పాటు ప్రతి ఆదివారం ప్రార్థనకు వెళ్లేవాడు. వాక్యం ఒక్క ముక్క వినబడేది కాదు కాబట్టి పాస్టరుగారంటే ఆయనకు ఎనలేని గౌరవం. కొడుకు మాత్రం తల్లి పక్కన కూర్చుని అన్నీ విన్నాడు. కొడుకు ఇంటర్ చదువుతున్నప్పుడు ఆమె పోయింది. డిగ్రీ అయ్యాక వాళ్ల సంఘం తరఫున మలావి అనే దేశానికి రెండేళ్లు సేవకు పోతానన్నాడు. ఆ దేశం ఎక్కడుందో మా గల్లీలో ఎవరికీ తెలియదు. అయినా బస్సెక్కేటప్పుడు అందరం దండలు వేశాం. మావాడు పోతున్నాడు, అంతే.

వాళ్ల సంఘంలో ఒక కట్టడి ఉంది. సేవలో ఉన్నవాళ్లు వారానికి ఒక్క సోమవారమే ఇంటికి రాయాలి. ఫోన్లో మాట్లాడటం ఏడాదికి రెండు మూడు సార్లే. అయినా ఫోన్ కాకకు ఏం వినబడుతుంది? అందుకని ఉత్తరం నా ఫోన్‌కు వచ్చేది. నేను బాయి మీద దీపాలిచ్చే ల్యాంప్ రూములో మొదటి షిఫ్టు చేసుకుని వచ్చి, తలకు నీళ్లు పోసుకుని, అయిదింటికి కాక అరుగు మీద కూర్చుని ఆయన కుడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచేవాణ్ని. కాకకు వినబడాలంటే గల్లీ మొత్తానికి వినబడక తప్పదు. రెండో నెలకే జనం పీటలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎదురింటి మెకానిక్ భార్యను మేమంతా ఖాలా అంటాం. ఆమె గేటు దగ్గర నిలబడి, "బచ్చా ఏం తిన్నడంట? ముందు అది చదువు" అనేది. మా ఆవిడ అయితే, "ఇంట్ల రెండు మాటలు మాట్లాడుమంటె గొంతు నొస్తదంటవు. ఆడ స్తోత్రం స్తోత్రమని ఖని అంత ఇనవడేటట్టు ఒర్లుతవు" అనేది. మేము సమ్మక్కకు మొక్కేవాళ్లం. ఆ రెండేళ్లలో నేను అరిచినన్ని స్తోత్రాలు పాస్టరుగారు కూడా అని ఉండరు.

ఉత్తరాల్లో అతని వారమంతా ఉండేది. సోమవారం బట్టలు ఉతుక్కోవడం, ఉత్తరం రాయడం. మంగళవారం నుంచి ఎర్రమట్టి దారుల్లో సైకిళ్ల మీద ఊళ్లు తిరగడం. మంచం పట్టినవాళ్ల దగ్గర కూర్చోవడం, ముసలివాళ్లకు నీళ్లు మోసిపెట్టడం, సాయంత్రం పిల్లలకు అక్షరాలు, పాటలు. ఆదివారం మామిడి చెట్టు కింద ప్రార్థన. ఎక్కడికి పోయినా ఇద్దరు జంటగానే పోవాలట. అది విని కాక తల ఊపి, "మంచి పద్ధతి. బాయిల గూడ ఒక్కన్ని పంపద్దు" అన్నాడు. అక్కడివాళ్లు రోజూ మక్క పిండితో గట్క చేసుకుని తింటారని రాస్తే గల్లీ అంతా సంతోషించింది, మనవాళ్లే దొరికినట్టు. ఒకసారి నెట్‌వర్క్ లేక ఉత్తరం రాలేదు. డ్యూటీకి పోకుండా మానేస్తే మా గనుల్లో నాగా అంటారు. కాక చేతులు తిప్పి, "ఈ వారం నాగా పెట్టిండారా మావోడు?" అని నవ్వాడు గానీ, ఆ సాయంత్రం టీ తాగలేదు.

రెండో ఏడు సగంలో ఆ ఉత్తరం వచ్చింది. సగం దాకా అరిచి చదివాను. తర్వాత ఇలా ఉంది: "అన్నా, ఇక్కడినుంచి గట్టిగా చదవకు. బాపుకు ఒక్కనికే చెప్పు. మేము నెల రోజులుగా పోయి వస్తున్న ఇంట్లో చిన్న పాప మలేరియాతో పోయింది. వాళ్లమ్మ పక్కన కూర్చుని నేను నేర్చుకున్న ఓదార్పు మాటలన్నీ చెప్పిన. చెప్తుంటే ఒక్కటీ నాది అనిపించలేదు. అప్పటినుంచి మోకాళ్ల మీద ఉంటే నోట ప్రార్థన వస్తలేదు. నేను నమ్ముతున్ననో లేదో నాకే తెలుస్తలేదు. రమ్మంటడా, ఉండుమంటడా, బాపును అడుగు. బాపు ఎట్లంటే అట్ల చేస్త."

నేను ఆగిపోయాను. "గంతేనా?" అంది ఖాలా. "గంతే" అన్నాను.

చెవిటి మనిషికి గుట్టుగా చెప్పడం ఎలా? ఆ ప్రశ్ననే నాలుగేళ్లు నాకు నేను సాకుగా చెప్పుకున్నాను. కానీ బండి మీద ఎక్కించుకుంటే పది నిమిషాల్లో గోదావరి ఒడ్డు. అక్కడ ఎంత అరిచినా వినేవాళ్లు ఉండరు. ఆ ఆలోచన నాకు ఆ రాత్రే వచ్చింది. వచ్చినా తీసుకుపోలేదు. దండలు వేసి పంపినవాడు మధ్యలో వచ్చేస్తే జనం ఏమంటారోనని అనుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. ల్యాంప్ రూములో నా ముఖం చూసేవాడు లేడు, దీపం తీసుకుని పోయేవాళ్లే. సోమవారం అయిదింటికి మాత్రం గల్లీ అంతా నా నోటి వైపు చూసేది. అతను వచ్చేస్తే ఆ సోమవారాలు ఉండవు. వారం తిరిగేసరికి జవాబు రాశాను: "బాపు ఉండుమన్నడు. ధైర్యంగా పని పూర్తి చేసుకుని రమ్మన్నడు."

ఆ తర్వాత కూడా ఉత్తరాలు తప్పలేదు. వానలు, గట్క, సైకిలు పంక్చర్లు. బాపును అడుగు అన్న మాట మాత్రం మళ్లీ రాలేదు. నేను ఎప్పటిలాగే అరిచాను. నెల తిరక్కముందే కాక నా భుజం తట్టి, "రాస్తున్నడు గని మాట్లాడుత లేడురా" అన్నాడు. గల్లీలో చెవులున్న ఎవరికీ అది తెలియలేదు.

రెండేళ్లు పూర్తిచేసుకుని వచ్చాడు. ఇప్పుడు మంచిర్యాలలో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాడు. ప్రతి ఆదివారం వస్తాడు, మందులు తెస్తాడు, గోళ్లు తీస్తాడు. తండ్రిని ఏదీ అడగడు. ఉద్యోగంలో చేరేముందూ అడగలేదు, అక్కడ అద్దెకు దిగేముందూ అడగలేదు. కాక దాన్ని చదువుకున్నవాళ్ల తీరు అనుకున్నాడు. అది కాదని నాకొక్కడికే తెలుసు.

మొన్న ఆదివారం మెల్లగా చదవడం మొదలుపెట్టాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. కాక గట్క దగ్గర నవ్వాడు, సైకిలు దగ్గర నవ్వాడు. కొడుకు గడపలో కూర్చుని మిషన్ల డబ్బాలోని కాగితం చూస్తున్నాడు. ఆ ఉత్తరం వచ్చేసరికి నేను ఆగాను. కొడుకు తల ఎత్తకుండా, గొణిగినట్టుగా, "అది ఇడిసిపెట్టన్నా. బాపుకు తెల్సిందే గదా" అన్నాడు.

వారం కిందట అయితే ఆ మాట గడప దాటేది కాదు.

"ఏంది నాకు తెల్సింది?" అన్నాడు కాక.

ఇక చదివాను. ఏడు వరసలూ చదివాను. అయిపోయాక గడియారం ఒక్కటే వినబడుతోంది, కాకకు కూడా.

"గిది నన్నెప్పుడు అడిగినవ్‌రా?"

"అడగలే కాకా."

"మరి నేనేమన్ననని రాసినవ్?"

"ఉండుమన్నవని రాసిన."

కొడుకు చేతిలోని కాగితం కింద పడింది. అతను నా వైపు చూడలేదు, తండ్రి వైపు చూశాడు. కాక కూడా నన్ను వదిలేసి కొడుకుతోనే మాట్లాడాడు. "నన్నడిగితె రమ్మనేటోన్ని గాదు, ఉండుమనేటోన్ని గాదు. నాగా పెట్టుమనేటోన్ని. మీ అవ్వ పోయినంక నాకు బాయిలకు దిగబుద్ధి గాలే. పదకొండు నాగాలు పెట్టిన. తర్వాత నేనే పోయిన. నా కొలువు పోయిందా? గంత పెద్ద దేవుడు, నాలుగు రోజులు దండం పెట్టకుంటె నిన్ను తీసేస్తుండెనారా?"

కొడుకు లేచి వచ్చి తండ్రి మోకాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నాలుగేండ్లు నువ్వే అన్నవనుకున్న బాపూ" అన్నాడు. తల ఆయన ఒళ్లో పెట్టుకున్నాడు. కాక ఆ తలను నిమురుతూ కూర్చున్నాడు.

కాసేపటికి నేను, "తప్పు చేసిన కాకా, మాఫ్ చెయ్యి" అన్నాను. బాగా మెల్లగా అన్నాను. కాకకు వినబడింది, ముఖంలోనే తెలిసింది. అయినా ఆయన రెండు చెవుల మిషన్లూ తీసి కొడుకు చేతిలో పెట్టి, తన కుడి చెవి నా వైపు తిప్పాడు. "గట్ల గాదు. ఎప్పటి లెక్క చెప్పు."

చెవి దగ్గర నోరు పెట్టాను. "తప్పు నాది కాకా. నీ బదులు నేనే చెప్పిన. నిన్ను అడుగుమంటె అడగలే. తమ్ముడూ, నువ్వు గూడ మాఫ్ చెయ్యి." ఎదురుగా గేటు చప్పుడైంది. ఖాలా వచ్చి నిలబడింది. మా ఇంటి కిటికీ కూడా తెరుచుకుంది. నాలుగేళ్లు గొంతు దాటని మాటకు గల్లీ చివరిదాకా పోవడానికి ఒక్క ఊపిరి చాలింది.