నాన్న పేరున్న గ్లాసు

మా సెక్టర్ 2 క్వార్టర్‌లో ప్రతి స్టీలు సామాను మీదా నాన్న పేరుండేది. నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటు వాళ్ళిచ్చిన బహుమతి గ్లాసైనా సరే, పేరు కొట్టించాకే అమ్మ వాడకంలోకి దించేది. పేరు లేని గ్లాసు ఒక్కటే. అది వెనక వరండాలో, గిన్నెలు తోమే గట్టు మీద బోర్లించి ఉండేది. ఊరి చివర జాముల్ వైపు నుంచి సైకిల్ మీద పనికి వచ్చే దీదీకి టీ అందులోనే. అల్లం దంచి, చిక్కగా కాచి, తగలకుండా పైనుంచి పోసేది అమ్మ. తనంత మంచి మనిషి లేదనుకునేది.

పదో తరగతిలో నాకు చరిత్ర పిచ్చి. కళింగ యుద్ధం చదివి ఏడ్చాను. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికి వచ్చినవాళ్ళం కదా, చచ్చింది మనవాళ్ళే అనిపించింది. పరీక్ష ముందురోజు మధ్యాహ్నం అమెరికా పాఠం బయటికి చదువుతుంటే, గది తుడుస్తున్న దీదీ ఆగింది.

"క్యా పఢ్ రహీ హో, బేబీ?"

నల్లవాళ్ళకి వేరే కుళాయి ఉండేదని పెద్ద పంతులమ్మలా చెప్పాను.

"ఫిర్ క్యా హువా?"

పోరాడారు, చట్టం వచ్చింది, ఇప్పుడందరూ ఒకే చోట తాగుతారన్నాను. మన దేశంలో అయితే అలాంటి చట్టం ఎప్పుడో వచ్చేసిందని కూడా చెప్పాను.

దీదీ చేతులు కడుక్కుంది. వంటింట్లోకి వెళ్ళి, స్టాండులోంచి గ్లాసు తీసి, నీళ్ళు పట్టుకుని తాగింది. నాకెంత గర్వమో! ఉద్యమం నడిపినదాన్నైపోయాను.

అమ్మ గుమ్మంలోంచి చూసింది. రేపటి నుంచి రావద్దంది. దీదీ కంగారుగా నా వైపు చూపించి, "బేబీనే బతాయా" అంది, నేనే చెప్పానని.

అమ్మ నా వైపు తిరిగింది. "ఏటే, నువ్వే తాగమన్నావేటి?"

అవునన్న ఒక్క మాట చాలు, దీదీ పని పోకుండా నిలిచేది. "నాకేటీ తెలీదమ్మా," అన్నాను.

దీదీ నన్ను తిట్టలేదు. చెప్పులేసుకుని సైకిల్ తీసుకుంది. అమ్మ ఆ గ్లాసుని చింతపండుతో మూడుసార్లు తోమింది. అయినా మనసొప్పక వెనక గట్టు మీద పెట్టేసింది. తర్వాత వచ్చిన పనావిడ టీ తాగింది నాన్న పేరున్న గ్లాసులోనే. నాన్నకి తెలిసి నవ్వుకున్నాడు, అంతే.

మర్నాడు పరీక్షలో కుళాయిల ప్రశ్నే వచ్చింది. రెండు పేజీలు రాశాను. టీచరు దాన్ని క్లాసులో చదివి వినిపించింది, అందరూ చప్పట్లు కొట్టారు. నా చరిత్ర చదువు తగలెయ్య!

ఇప్పుడు అదే ఊళ్ళో, కోహ్కాలో ఉంటూ ఇక్కడి బడిలోనే చరిత్ర చెబుతున్నాను. ఏటా ఆ పాఠం వస్తుంది. ఈ ఏడు ముందు బెంచీలో పిల్ల లేచి, "మేడమ్, అలాంటిది మీరెప్పుడైనా చూశారా?" అని హిందీలో అడిగింది.

క్లాసంతా నా వైపే చూస్తోంది.

"నహీఁ బేటా," అన్నాను. "అదంతా అమెరికాలో." తర్వాతి పేజీ తిప్పమన్నాను.