ఆవ పెట్టిన కూర, హెచ్‌డీ కెమెరా

2009 మార్చిలో మా అక్క మనవరాలి పెళ్ళి అమలాపురంలో జరిగింది. అంతకు పదిరోజుల ముందు అక్క ముమ్మిడివరంలో తన ఇంటి మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మా వైపు ఏ పెళ్ళయినా ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఆవిడ చేతిదే. ఈసారి కేటరింగువాళ్ళు చేశారు. కూర ఎలా ఉందని ఆవిడ మంచంలోంచి అందరినీ అడిగింది. అందరూ బాగుందన్నారు.

"మొహమాటానికి చెప్పేరే. నాకు ఆ భోజనాల బంతి చూపించు," అంది నాతో ఫోనులో.

చూపించవలసిన మనిషి మా ఆయన. రిటైరయ్యాక కంప్యూటరు, ఆ తరువాత హెచ్‌డీ కెమెరా కొన్నారు. పెళ్ళంతా ఆయనే తీశారు, నాలుగు గంటల పైచిలుకు. ఆదివారానికల్లా డిస్కు తెస్తానని అక్కకి మాట కూడా ఇచ్చేశారు.

ఆ ఆదివారం వెళ్ళిపోయింది. కత్తిరించడం ఆయనకు చేతకాక కాదు, ధైర్యం చాలక. అక్షింతలు వేసిన ప్రతి మనిషీ అందులో ఉండాలట.

"మీ మావయ్యగారి తోడల్లుడుగారిని తీసేస్తే, రేపు మన గుమ్మం తొక్కుతారటోయ్?"

"తొక్కిన ఒక్కసారీ మడత కుర్చీ విరక్కొట్టి వెళ్ళేరు. తీసెయ్యండి."

తియ్యలేదు. పైగా మనిషికీ మనిషికీ మధ్య తెరమీద పూలరేకులు రాల్చారు. అదంతా ఒక్క సినిమాగా చేసే ఎక్స్‌పోర్టు నొక్కితే ఇంకా తొమ్మిది గంటలు అని చూపించింది. అరగంట పోయాక చూస్తే పదకొండు. చేస్తున్నకొద్దీ మిగిలిన పని పెరగడం, ముప్ఫైమూడేళ్ళు లెక్కలు చెప్పిన నేను అక్కడే చూశాను.

అప్పట్లో మాకు ఉదయం ఎనిమిది నుంచి పది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు కరెంటు కోత. రాత్రిళ్ళు ఓల్టేజి చాలక కంప్యూటరు దానంతటదే ఆగిపోయేది. ఆయన రోజూ పదింటికి మొదలుపెట్టేవారు. రెండింటికి యూపీఎస్ కుయ్యోమనేది. మర్నాడు మళ్ళీ మొదటినుంచి.

"పది నుంచి రెండు దాకా నాలుగు గంటలే కదండీ. అందులో పట్టే ముక్క చెయ్యండి," అన్నాను చివరికి.

"సినిమాని ముక్కలు చేస్తారటోయ్ ఎవరైనా?"

"అక్కకి సినిమా అక్కర్లేదు. బంతి చాలు, పావుగంట. ఆ పూలరేకులు తీసెయ్యండి."

"భోజనాలమీదే బాగా కుదిరేయి."

"విస్తట్లో పడతాయి. తీసెయ్యండి."

మూతి ముడుచుకుని తీశారు. భోజనం వేళకే పని పూర్తయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, అక్క ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ, పాత ప్లేయరు అని. హెచ్‌డీ అందులో ఆడదట. అంత పెద్ద బొమ్మనూ చిన్నది చేసి మామూలు డీవీడీకి ఎక్కించడానికి ఇంకో పూట పట్టింది. అలాంటప్పుడు ఇన్నాళ్ళూ అంత పెద్దది ఎందుకు చేశారంటే, "క్వాలిటీ" అన్నారు.

మర్నాడు బస్సులో ముమ్మిడివరం వెళ్ళాం. అక్క దిండ్లకు చేరగిలబడి చూసింది.

"వెనక్కి తిప్పండి మరిదిగారూ."

తిప్పారు.

"మళ్ళీ తిప్పండి."

నా కంటికి మాత్రం అందరూ మామూలుగా తింటున్నట్టే ఉంది.

"ఒక్కళ్ళయినా ముక్కు తుడుచుకున్నారటే?" అంది అక్క నాతో. "ఒక్కళ్ళకైనా కళ్ళమ్మట నీళ్ళొచ్చేయా?"

అప్పుడు చూశాను. నిజమే. అక్క కూర వడ్డించిన బంతిలో ఆవ ఘాటుకి ముక్కులు ఎగబీల్చే చప్పుడులో పక్కవాళ్ళ మాట వినపడేది కాదు. ఇక్కడ తోడల్లుడుగారు సైతం పాయసం తిన్నట్టు తినేస్తున్నారు.

"పొట్టు బాగానే వేసేరండి వదినగారూ," అన్నారు మా ఆయన.

"ఆయ్, పొట్టుకేం లోటు లేదండి. ఆవ లేకుండా గేదెక్కూడా అదే పెడతాం."

పడ్డాక మొదటిసారి నవ్వింది. కాఫీ పెట్టమంది.

"మిగతా పెళ్ళి కూడా తొందర్లోనే తెచ్చేస్తానండి," అన్నారాయన.

"దానికేం తొందర్లేదు లెండి. ఈ బంతి ఇంకోసారి వెయ్యండి మరిదిగారూ."