వేళ్లు దిగని నీళ్లు

పోయిన వారం మా ఇంట్లో నీళ్ల మిషను బాగుచేయడానికి వచ్చిన ఆయన, పెన్నులాంటి పరికరం ఒకటి గ్లాసులో ముంచి, అందులో కనబడ్డ అంకె నాకు చూపించి, నీళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని చెప్పాడు. నేను ఊరుకోలేక, సీసం ఉన్నా ఇది చెబుతుందా అని అడిగాను. లేదండి మేడమ్, ఇది ఉప్పుల సంగతే చెబుతుందని నవ్వి సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. నా ఈడువాళ్లకి, ముఖ్యంగా అమ్మలు మిరపకోతలకీ పత్తితీతలకీ వెళ్లిన పల్లెల్లో పుట్టినవాళ్లకి, నీళ్లంటే ఎవరి బావి, ఎవరు తోడుకోవచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అన్న గొడవే గాని, ఆ నీళ్ల లోపల ఏముందన్న ఆలోచన ఎన్నడూ ఉండేది కాదు. నాకు ఒక్కసారి ఆ ఆలోచన వచ్చింది. దాని వల్ల ఒక మనిషి చచ్చిపోయాడు.

అప్పుడు నేను గుంటూరులో ఒక ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం ప్రాక్టికల్స్ చేయించేదాన్ని. తాలూకాలు పోయి మండలాలు కొత్తగా వచ్చిన రోజులు. నాన్న మా పల్లె చర్చిలో ఉపదేశి. ఊరికీ, ఊరి బయట ఉండే మా పల్లెకీ మధ్య రోడ్డు పక్కన, ఊరి ఆసామి ఒకాయన రేకుల షెడ్డు వేసి, పాత లారీ బ్యాటరీలు పగలగొట్టించి సీసం కరిగించేవాడు. పొగ మా మీదికి వచ్చేది. పక్క చేలో మిరపాకు మాడిపోయేది. తిట్టుకునేవాళ్లం, అంతే.

అన్నయ్యకి ఒక్కతే కూతురు, నాలుగేళ్లది. కడుపునొప్పని మెలికలు తిరిగేది. నులిపురుగులని మందులు పోశారు, నాన్న ప్రార్థన చేశాడు, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. ఒకనాటి పొద్దున ఫిట్సు వచ్చి కళ్లు తేలేస్తే బస్సులో గుంటూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. మూడోరోజుకి పోయింది. ఏడుస్తున్న వదిన నోరు చూసి, అక్కడి డాక్టరుగారు ఆగి, ఆవిడ చిగుళ్ల వెంట ఉన్న నల్లటి గీతని వేలితో చూపించి, మీరేమైనా బ్యాటరీల పని చేస్తారా అని అడిగారు. లేదంటే, అయితే మీరు తాగే నీళ్లు చూసుకోండి అన్నారు.

చూడటానికి నా దగ్గరున్నది ఉల్లిపాయలే. ఉల్లిపాయ అడుగు నీళ్లకి తగిలేలా సీసా మూతి మీద కూర్చోబెడితే, మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు గడ్డంలా దిగుతాయి. నీళ్లలో సీసంలాంటి లోహం కలిసి ఉంటే ఆ వేళ్లు పొట్టిగా, వంకరగా, గోధుమరంగు తిరిగి ఆగిపోతాయి. ఏ విషమో ఉల్లిపాయ పేరు చెప్పదు, ఈ నీళ్లలో నేను బతకలేనని మాత్రం చెబుతుంది. పేరు చెప్పడానికి మా బావి నీళ్లు ఒక సీసా లేబరేటరీకి పంపించి, నేను మాత్రం ఊరిబావి నీళ్లు, సాగర్ కాలవ నీళ్లు, బడి దగ్గర బోరింగు నీళ్లు, మా పల్లె బావి నీళ్లు విడివిడిగా పట్టాను. ఇక మిగిలింది షెడ్డు నీళ్లు.

మధ్యాహ్నం వేళ, పనివాళ్లు అన్నాలకి పోయినప్పుడు వెళ్లాను. కాపలా మనిషి ఒక్కడే ఉన్నాడు. వానలు లేక పొదిలి వైపు నుంచి భార్యతో వలస వచ్చి, రెండేళ్లు కొలిమి దగ్గర పనిచేసి, ఇక అక్కడ పనికిరాక కాపలాకి మిగిలిన మనిషి. మణికట్ల దగ్గర నుంచి రెండు చేతులూ కిందికి వేలాడుతున్నాయి, తడిసిన గుడ్డపేలికల్లా. నేను చూస్తున్నానని గమనించి ఆయనే చెప్పాడు.

"లేవవమ్మా. ముద్ద కూడా మా ఆడది పెట్టాల్సిందే."

ఎందుకొచ్చానో చెప్పాను. తరిమేస్తాడనుకున్నాను. చుట్టూ చూసి, గడ్డంతో షెడ్డు వెనక గొయ్యి చూపించాడు. "ఆ యాసిడ్ నీళ్లన్నీ అందులోకే వదుల్తారు. ఎంత పోసినా తెల్లారేసరికి ఇంకిపోతాయి. మీ బావి దిగువనే గదమ్మా. మీరా నీళ్లు తాగబాకండి." గొయ్యి నీళ్లు సీసాలో పట్టుకుని, ఆయన చెప్పినదంతా నేను నిలబడే నోటుబుక్కులో రాసుకున్నాను. పేరు అడగలేదు.

నాలుగోరోజు సీసాలన్నీ చర్చి వరండాలో వరసగా పెట్టాను. మూడింట్లో వేళ్లు రెండంగుళాలు దిగి తెల్లగా మెరుస్తున్నాయి. మా బావి నీళ్లలో గోటి పొడవున వచ్చి, ముదురు రంగు తిరిగి, అక్కడే ఆగిపోయాయి. గొయ్యి నీళ్లలో ఏమీ రాలేదు. పల్లె పల్లెంతా వచ్చి చూసింది. వదిన మా బావి సీసా ముందు చతికిలబడి కూర్చుంది గాని ఏడవలేదు. అన్నయ్య నా వైపు తిరిగి, "అంటే, దానికి కడుపునొప్పి వచ్చినప్పుడల్లా మనం పట్టింది ఈ నీళ్లేనా?" అన్నాడు. ఇంకా లేబరేటరీ కాగితం రావాలి, తొందరపడొద్దు అని చెప్పవలసినదాన్ని. అవునన్నాను.

పెద్దలు మండలాఫీసుకి వెళ్తే, ఉల్లిపాయలు చూపించి కేసు పెడతారా అని అక్కడి అధికారి నవ్వి పంపించాడట. ఆ కబురు సాయంత్రానికల్లా ఆసామికి చేరింది. ఆదివారం ఆరాధన ముగిసి జనం చెప్పులు వేసుకుంటుండగా ఆయన మనుషులు ఇరవైమంది కర్రలతో దిగారు. ముందు సీసాలు పగలగొట్టారు. అడ్డం వెళ్లిన నాన్న నెత్తి పగిలి తెల్లచొక్కా అంతా ఎర్రబడింది. అమ్మని జుట్టు పట్టి మెట్ల మీద నుంచి ఈడ్చారు. అన్నయ్య ఎడమచెయ్యి గుమ్మానికి ఆనించి కర్రతో కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. గాజుపెంకుల మీద వట్టికాళ్లతో పరుగెత్తిన ఆడవాళ్ల రక్తపు అడుగులు వరండా నిండా పడ్డాయి.

వాళ్లు వెళ్లిపోయారు. అన్నయ్య విరిగిన చెయ్యి వదిన పైటకొంగుతో కట్టించుకుని, కుడిచేత్తో గునపం తీసుకుని బయలుదేరాడు. నలభైమంది మగవాళ్లు, గొడ్డళ్లూ పారలూ దొరికినవి దొరికినట్టు పట్టుకుని ఆయన వెంట నడిచారు. వాళ్ల వెనక ఆడవాళ్లం. నా ఒంట్లోనూ అదే మంట. అబద్ధం చెప్పను, ఆ నడకలో నాకు సంతోషంలాంటిది కూడా కలిగింది.

కొట్టినవాళ్లు అప్పటికే ఊళ్లోకి పోయారు. షెడ్డులో మిగిలింది పొదిలి మనిషి, ఆయన భార్య. చప్పుడు విని ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నన్ను చూసి ఏదో చెప్పబోయాడని ఇప్పటికీ అనిపిస్తుంది. అన్నయ్య మొదటి దెబ్బ భుజం మీద వేశాడు. రెండోది తల మీదికి వస్తుంటే ఎవరైనా చేతులు అడ్డం పెట్టుకుంటారు. ఆయన మోచేతులు లేచాయి, చేతులు మాత్రం అలాగే వేలాడాయి. ఆ మీద అందరి దెబ్బలూ పడ్డాయి. మీద పడి అడ్డుకున్న భార్యకీ తగిలాయి. పేరు పెట్టి పిలవడానికి నాకు ఆయన పేరు తెలియదు. ఆయన కాదన్నయ్యా అని అరిచాను. అరిచాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. నీ నోట మాటే రాలేదని వదిన అంటుంది.

తరవాత కొలిమి పగలగొట్టారు, షెడ్డుకి నిప్పంటించారు. సాయంత్రం పోలీసులు వ్యానుల్లో వచ్చి, ముసలివాళ్లని కూడా వదలకుండా పల్లెనంతా బాదారు. మగవాళ్లు మిరపచేలల్లో దాక్కుంటే అక్కడి నుంచే ఈడ్చుకొచ్చారు. నీళ్లలో సీసం ఉందని లేబరేటరీ కాగితం వచ్చేసరికి, అది చదివి వినిపిద్దామంటే పల్లెలో ఒక్క మగవాడు లేడు.

ఆ పంతులమ్మ అక్కడే ఉందని పొదిలావిడ చెప్పడంతో హత్య కేసులో నన్ను సాక్షిగా పిలిచారు. కళ్లతో చూసినదే రికార్డులో రాయమని కాలేజీలో పిల్లలకి రోజూ చెప్పే నేను, బోనులో నిలబడి, నేను వెళ్లేసరికే ఆయన పడిపోయి ఉన్నాడు, కొట్టినవాళ్లని చూడలేదు అన్నాను. బిడ్డని పోగొట్టుకున్న అన్నయ్యని జైలుకి పంపలేకపోయాను. సాక్ష్యం లేక కేసు కొట్టేశారు.

బయట వరండాలో ఆవిడ నా దగ్గరికి వచ్చింది. తిడుతుందని, కొడుతుందని కూడా అనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఆ నీళ్లు తాగొద్దని మీకు చెప్పాడంటగా. ఆ పూట నాతో చెప్పి మురిసిపోయాడమ్మా, చదువుకున్న పిల్ల నా మాట విని రాసుకుందీ అని."

అంతే అని, చేతిసంచీ తీసుకుని బస్టాండు వైపు నడిచింది.

అన్నయ్య ఆ తరవాత ముప్పయ్యేళ్ల పైన బతికాడు. మెతక మనిషిగా పేరు తెచ్చుకున్నాడు, ఆ రోజు ఊసు ఎన్నడూ ఎత్తలేదు. నేను రెండుసార్లు పొదిలి బస్సు ఎక్కాను, ఆవిడని వెతికి నిజం చెబుదామని. రెండుసార్లూ మధ్యలోనే దిగిపోయాను. ఆసామి షెడ్డు ఇంకో చోటికి మారింది. అక్కడ బావి ఎవరిదో నేను వాకబు చేయలేదు.

ఇప్పుడు షెడ్డు ఉన్నచోట మిర్చి కోల్డ్ స్టోరేజీ లేచింది. మా బావి పూడ్చేశారు. పల్లెలో ఇంటింటికీ నీళ్ల డబ్బాలు ఆటోలో వస్తాయి, ఎవరి డబ్బా వాళ్లు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంటారు. ఒకరి బిడ్డకి జబ్బు చేస్తే పక్కింటికి తెలియడం లేదు. మా తరంవాళ్లు కలిసినప్పుడు, ఆ రోజుల్లో ఒక్కరికి కష్టం వస్తే పల్లె మొత్తం కదిలేదని, ఆ కదలడం పోయిందని నిట్టూరుస్తారు. నేనూ వాళ్లతోపాటు నిట్టూరుస్తాను. ఆ నలభైమంది వెనక నడిచినదాన్ని గనక, ఆ రోజులు మళ్లీ రావాలని మాత్రం నా నోరు పలకదు.