జీపు చప్పుడు, చెక్క గొట్టం

మొన్న మా మనవరాలు నన్ను నరసరావుపేట తీసుకెళ్లి చెవుల పరీక్ష చేయించింది. చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు డొప్పలు తగిలించి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. చప్పుడు వినపడితే నొక్కాలి. అంతా అయ్యాక పరీక్ష చేసిన అమ్మాయి నవ్వుతూ, "మామ్మగారూ, మీ వయసువాళ్లు వినపడినా పడకపోయినా టకటకా నొక్కేస్తారండీ. మీరు మాత్రం వినపడినప్పుడే నొక్కారు" అంది. ఆ మెచ్చుకోలు నాది కాదు. అది అరవై ఏళ్ల కిందట, ఒక పాత జీపు బానెట్టు దగ్గర నాకు బుద్ధి చెప్పిన మనిషిది.

సాగర్ డ్యాం కడుతున్న రోజులు. గురజాల అవతల ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో కొత్తగా చేరిన నర్సుని నేను. ఇరవై నిండాయో లేదో. జీపులో ఊళ్లు తిరిగి గర్భిణీలను చూసి రావడం నా పని. ఆ జీపు మిలిటరీవాళ్లు వాడి వాడి అమ్మేసింది. తలుపుల్లేవు, టాపు చిరుగుల గుడ్డ, వాన వస్తే నడిచిపోయేవాళ్లకంటే మేమే ఎక్కువ తడిసేవాళ్లం. అయినా ఎద్దులు మొరాయించే నల్లరేగడి బురదలోకి కూడా గుర్రుమంటూ దిగిపోయేది. దాన్ని నడిపే ఆయన్ని అందరం బాబాయి అనేవాళ్లం. యాభై దాటినవాడు, మిలిటరీ షెడ్డులో మోటార్లు బాగుచేసి వచ్చినవాడు. మాట తక్కువ. మనం ఒకటి అడిగితే ఒక్కోసారి ఇంకోదానికి జవాబు చెప్పేవాడు. పెద్దాయన ధ్యాస ఎక్కడో ఉంటుందిలే అనుకునేవాళ్లం.

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే జీపు టక్కుటక్కుమనడం మొదలుపెట్టింది. మేము ఊళ్లోకి రాకముందే కుక్కలు పొలిమేరకు ఎదురొచ్చేవి. ఒకరోజు డాక్టరమ్మ ఆ మోత విని వరండాలోకి వచ్చింది. ఆమె హస్తవాసి ఎంత మంచిదో కోపం అంత చెడ్డది. "ఇంజనులో బేరింగు పోయింది. ఆయిల్ చూసుకోకుండా నడిపావు. ఇంత మోత నీకు వినపడలేదా?" అని బాబాయిని గద్దించింది. గుంటూరు పంపి ఇంజను విప్పిస్తే రెండు నెలలట. ఆ రెండు నెలలూ ఊళ్లకు జీపు లేదు, తిరిగొచ్చాక దాని మీద బాబాయి ఉండడు. "రేపు సాయంత్రం దాకా చూడనీయండమ్మా" అన్నాడాయన.

మర్నాడు మధ్యాహ్నం నేను షెడ్డుకి వెళ్తే ఇంజను నడుస్తోంది. బాబాయి ఒక కర్ర కొసను ఇంజనుకు ఆనించి, రెండో కొసను పళ్లతో కరిచి పట్టుకుని ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. భుజం తడితే ఉలిక్కిపడి ఇంజను ఆపాడు.

"నాకు చెవులు పోతన్నయ్యమ్మాయ్. ఏడాదయింది. ఎవురికీ చెప్పలా" అన్నాడు. "పళ్లకి అదురు తెలుస్తంది గానీ, అది యాడిదో తెలవట్లా."

పరుగెత్తుకెళ్లి, కడుపులో బిడ్డ గుండె వినే నా చెక్క గొట్టం తెచ్చాను. దాన్ని చూసి ఆయన మొదటిసారి నవ్వాడు. ఆయన ఒక్కో ప్లగ్గు వైరు పీకుతాడు, నేను గొట్టం ఆనించి వినాలి. ఏ వైరు పీకినప్పుడు చప్పుడు తగ్గితే రోగం ఆ సిలిండరులో ఉన్నట్టు, డాక్టరమ్మ మాటే నిజమైనట్టు. మొదటిది పీకాడు, తగ్గలేదు. రెండోదీ అంతే. నాకు కంగారు పుట్టింది, ఏదో ఒకటి చెప్పకపోతే పనికిరానిదాన్ని అనుకుంటాడేమోనని. మూడో వైరు మీద చెయ్యి వేశాడో లేదో, "తగ్గింది బాబాయ్!" అని ఆయన చెవిలో అరిచాను.

"నేనింకా పీకలేదమ్మాయ్" అని ఇంజను ఆపాడు.

సిగ్గుతో నాకు ఏడుపు వచ్చేసింది. ఆ ఏడుపులోనే, అంతవరకు ఎవరికీ చెప్పని మాట బయటపడింది. కడుపుల మీద ఈ గొట్టం పెట్టినప్పుడు కూడా సగంసార్లు నాకేమీ వినపడదని, పక్కన అత్తలు, తల్లులు ఆశగా చూస్తుంటే "బాగుంది" అనేసి లేస్తున్నానని చెప్పాను. చెప్పాక నాకే భయమేసింది. బాబాయి కోప్పడలేదు. నా మొహానికి దగ్గరగా వంగి, "ఇనపడందాన్ని ఇనపడిందని చెప్పబాక తల్లీ. ఇనపడలేదంటే మళ్లీ ఎతుక్కోవచ్చు. ఇనపడిందంటే ఇంక ఎవురూ ఎతకరు" అన్నాడు. తర్వాత ఎలా వినాలో చెప్పాడు. చప్పుళ్లన్నీ ఒక్కసారే వినకూడదట. పెద్దదాన్ని ముందు పట్టుకుని పక్కన పెట్టాలి, దాని తర్వాతదాన్నీ పెట్టాలి, మిగిలినదాని వెంట పోవాలి.

మళ్లీ మొదటినుంచి చేశాం. నాలుగు వైర్లలో ఏది పీకినా ఆ టక్కు తగ్గలేదు. గొట్టం ముందుకు జరిపేకొద్దీ మాత్రం అది పెద్దదైంది. "ఫ్యాను పక్క, బాబాయ్. ఇది నిజంగానే వినపడుతోంది" అని అరిచాను. ఆయన ఇంజను ఆపి, ఫ్యాను బెల్టు తీసేసి, మళ్లీ స్టార్టు చేశాడు. చప్పుడు లేదు! ఫ్యాను పట్టుకుని ఊపితే వదులైన పన్నులా కదిలింది. పోయింది ఇంజనులోది కాదు, ఆ ఫ్యాను వెనకాలే ఉండే వాటర్ పంపు బేరింగు. రెండు నెలల పని కాదు, రెండు రోజుల పని.

ఆయన అక్కడితో ఊరుకుని ఉంటే ఉద్యోగం చెక్కుచెదరేది కాదు. కానీ తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి పంపు సంగతీ చెప్పాడు, చెవుల సంగతీ చెప్పాడు. ఆమె షెడ్డు పని ఆయనకే ఉంచి, జీపుకి వేరే డ్రైవరును పెట్టింది. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఎందుకు చెప్పావని అడిగితే, "నీకు బుద్ధి చెప్పి నేను దాచుకుంటే ఎట్టమ్మాయ్?" అన్నాడు. మర్నాడే నేనూ వెళ్లి డాక్టరమ్మ ముందు నిలబడి నా సంగతి ఒప్పుకున్నాను. చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత నెలరోజులు దగ్గర కూర్చోబెట్టుకుని వినడం నేర్పింది.

ఆ వానాకాలం చివర్లో ఒక ఊళ్లో, నెలలు నిండిన పిల్ల కడుపు మీద గొట్టం పెట్టి ఎంత వెతికినా బిడ్డ గుండె నాకు దొరకలేదు. అత్తగారు "బాగుందా అమ్మా?" అంది. నాలుక చివరిదాకా వచ్చిన పాతమాటను మింగి, "నాకు వినపడలేదమ్మా, ఆసుపత్రికి పోదాం, లేవండి" అన్నాను. అదే జీపులో తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఆపరేషను చేసి, నీలంగా ఉన్న బిడ్డను బయటికి తీసింది. కాసేపటికి అది గుక్కపట్టి ఏడ్చింది.

తెల్లవారాక షెడ్డుకి వెళ్లి బాబాయికి చెప్పాను, బిడ్డ బతికిందని, అది నీ చలవేనని. చుట్టూ మనుషులున్నారు, ఆయనకు వినపడేలా అరవడానికి సిగ్గేసింది. మెల్లగానే అన్నాను. ఆయన తలూపాడు. మాట వినే ఊపాడో, నా మొహం చూసి ఊపాడో అడగలేదు. తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. ఇరవై ఏళ్ల వయసులో తర్వాత అనేది ఎంతైనా ఉందనిపిస్తుంది.